మనవరాలికి గార్డియన్ కావడం ఎలా: ఒక అమ్మమ్మ అనుభవం

మొదటే చెప్పేస్తాను. మనవరాలు మీ ఇంట్లో పెరుగుతుంది, మీ చేతి ముద్ద తింటుంది, మీ పక్కలోనే పడుకుంటుంది. అయినా చట్టం దృష్టిలో మీరు గార్డియన్ కారు. ఈ సంగతి నాకు 2022లో ఒక బ్యాంకు కౌంటర్ దగ్గర తెలిసింది.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఆయన బత్తాయి తోట చూసుకుంటారు. ఆ ఏడాది ఎండాకాలంలో మా బిడ్డ, అల్లుడు ఒక పెళ్ళికి పోయి బండి మీద తిరిగి వస్తుంటే సాగర్ రోడ్డు మీద లారీ గుద్దింది. బిడ్డ అక్కడికక్కడే పోయింది. అల్లుడు హైదరాబాద్ ఆసుపత్రిలో ఎనిమిది రోజులు ఉండి పోయాడు. పాపను మా దగ్గర వదిలి వెళ్ళారు కాబట్టి పాప దక్కింది. అప్పటికి ఆరేళ్ళు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను.

మా బిడ్డ ఖాతాలో కొంచెం పైసలున్నాయి. వాటిని పాప పేరు మీదికి మార్చమని అడిగితే, "పాపకు మీరు గార్డియన్ అని కోర్టు ఆర్డర్ ఉందా అమ్మా?" అన్నారు. నేను పాప ఆధార్ చూపించాను, మా ఇద్దరి ఫోటో చూపించాను. ఆ అబ్బాయి మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత రెండేళ్ళు కాగితాల వెంట తిరిగాను. ఏది ముందు, ఏది తర్వాత, నేనెక్కడ తప్పు చేశాను అన్నది నాలాంటి ఇంకో అమ్మమ్మకో తాతకో పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి నెలలో

ఏడుస్తూనే చేయాల్సిన పనులివి. ఎవరో ఒకరు దగ్గరి వాళ్ళకు అప్పజెప్పండి, కానీ ఆపకండి.

మరణ ధ్రువపత్రం మనిషి ఎక్కడ చనిపోతే అక్కడే ఇస్తారు, సొంత ఊళ్ళో కాదు. మా బిడ్డది ప్రమాదం జరిగిన ఊరి పంచాయతీలో, అల్లుడిది హైదరాబాద్‌లో తీసుకోవాల్సి వచ్చింది. 21 రోజుల్లోపు నమోదైతే తిప్పలు తక్కువ. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు కూడా అప్పుడే తీసుకోండి. తర్వాత పాప పుట్టిన సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్లు, బడి నుంచి బోనఫైడ్. అన్నీ ఒకచోట పరిచి పేర్లు కలిపి చూడండి. మా అల్లుడి ఇంటిపేరు ఆధార్‌లో ముందు ఉంది, పాప బడి రికార్డులో చివర ఉంది, పుట్టిన సర్టిఫికెట్‌లో అసలే లేదు. దాన్ని సరిచేయడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. కోర్టుకు పోయేదాకా ఆగకుండా ఈ పని ముందే మొదలుపెట్టండి.

మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి, తహసీల్దార్ ఇస్తారు. పాపను మీ రేషన్ కార్డులో చేర్పించండి. ఇది బియ్యం కోసమే కాదు. పిల్ల మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ జిల్లాలోనే గార్డియన్ కేసు వేయాలి. రేపు ఎవరైనా 'పాప మా ఊళ్ళో ఉండేది' అని వాదిస్తే బడి హాజరు, పీహెచ్‌సీ చీటీలు, ఈ కార్డే సాక్ష్యం.

మా దగ్గర పెద్దకర్మ రోజున పెద్దమనుషులు కూర్చుని, పాప అమ్మమ్మ దగ్గరే ఉండాలని వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాసి, అందరి చేత సంతకాలు పెట్టించారు. నేను అదే గార్డియన్ కాగితం అనుకుని బీరువాలో పెట్టి ఏడు నెలలు ఊరుకున్నాను. అది నా పెద్ద తప్పు. బాండ్ పేపర్ మీద రాసుకున్నా, నోటరీ ముద్ర కొట్టించినా ఎవరూ గార్డియన్ కాలేరు. కోర్టులో అది ఒక సాక్ష్యంగా మాత్రం పనికొస్తుంది, పారేయకండి.

కోర్టు ఆర్డర్ లేకుండానే అయ్యే పనులు

బడి. విద్యాహక్కు చట్టంలో గార్డియన్ అంటే పిల్లను దగ్గర ఉంచుకుని చూసుకునే మనిషి అని కూడా ఉంది. కాబట్టి ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లను చేర్చుకోవడానికి 'కోర్టు కాగితం తెండి' అనడానికి లేదు. వయసు రుజువు లేదని కూడా తిప్పి పంపకూడదు. మెల్లగా, గట్టిగా ఈ మాట చెప్పండి.

నెలనెలా సాయం. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. బాలల సంక్షేమ సమితి ముందుకు పిల్లను తీసుకుపోవాల్సి వస్తే భయపడకండి. అది పోలీస్ స్టేషన్ కాదు. పిల్లను లాక్కుంటారని మా ఊళ్ళో ఒకామె నన్ను బెదరగొట్టింది. అక్కడ నన్ను అడిగింది పాప ఏం తింటుంది, రాత్రి నిద్రపోతుందా, బడికి పోతుందా అని.

యాక్సిడెంట్ కేసు. దీనికి గార్డియన్ ఆర్డర్ కోసం ఆగొద్దు. మైనర్ తరఫున పెద్దవాళ్ళెవరైనా, పిల్లతో తగాదా లేని మనిషి, యాక్సిడెంట్ పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయొచ్చు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఆరు నెలల గడువు అని చట్టంలో ఉంది కాబట్టి మూడో నెలలోనే వేసేయండి. మైనర్ వాటాకు వచ్చే డబ్బు సాధారణంగా 18 ఏళ్ళు నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తారు. పిల్ల ఖర్చుకు వడ్డీ తీసుకోవడానికి ట్రిబ్యునల్ అనుమతి అడగాలి.

ఆస్తి సంగతి తెలియకే సగం లొల్లులు

హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగమనిషి వీలునామా రాయకుండా పోతే భార్య, పిల్లలు, తల్లి మొదటి వరసలో సమానంగా వారసులు. తండ్రి ఆ వరసలో లేడు. మా బిడ్డ ముందే పోయింది కాబట్టి అల్లుడు తన పేరున కొనుక్కున్న ఎకరం ముప్పై గుంటలకు, అంటే 70 గుంటలకు, ఇద్దరే వారసులు. పాపకు 35 గుంటలు, మా వియ్యపురాలికి 35 గుంటలు. ఇది తెలియక మా ఆయన మొత్తం పాపదే అన్నారు. అటువైపు వాళ్ళు మొత్తం తమదే అన్నారు. నెల రోజులు మాటల్లేవు.

ఆడమనిషి పోతే ఆమె ఆస్తి మొదట భర్తకు, పిల్లలకు. మా బిడ్డ ఆస్తిలో పాప ఉండగా తల్లిగా నాకు పైసా రాదు. ఈ సంగతి నాకు మేలే చేసింది. పాప ఆస్తి మీద నాకు ఆశ ఉందని ఎవరూ అనలేకపోయారు.

కోర్టుకు ఎలా పోవాలి

రెండు చట్టాలు గుర్తుంచుకుంటే చాలు. 1956 హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం సహజ గార్డియన్ తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఆ వరసలో అమ్మమ్మ, నాయనమ్మ, తాత పేర్లు లేవు. అదే చట్టంలో 11వ సెక్షన్, 'నేనే పెంచుతున్నాను కదా' అన్న ఒక్క కారణంతో ఎవరూ పిల్ల ఆస్తిని అమ్మడం, మార్చడం చేయకూడదని చెబుతుంది. ఇక మనలాంటి వాళ్ళను గార్డియన్‌గా నియమించేది 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ, లేనిచోట జిల్లా కోర్టులో వేయాలి. వకీళ్ళు దీన్ని జీడబ్ల్యూఓపీ (గార్డియన్స్ అండ్ వార్డ్స్ ఒరిజినల్ పిటిషన్) అంటారు.

నేను మొదట ఒక మధ్యవర్తికి పైసలిచ్చి మోసపోయాను. 'నెలలో ఆర్డర్ తెస్తా' అన్నాడు, ఒక నోటరీ కాగితం చేతిలో పెట్టాడు. మీరు నేరుగా నల్లగొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ 15100. నాకు పింఛను వస్తుంది, నాకు ఇవ్వరేమో అనుకున్నాను. ఆడమనిషిని కాబట్టి ఇచ్చారు.

పిటిషన్‌లో పిల్ల పేరు, పుట్టిన తేదీ, మతం, ఎక్కడ ఉంటుంది, దగ్గరి బంధువులెవరు, ఏ ఆస్తి ఉంది అన్నీ రాయాలి. గార్డియన్‌గా ఉండటానికి ఒప్పుకుంటున్నానని మీరు సంతకం చేసిన కాగితం, దాని మీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు జతచేయాలి. బంధువుల్లో ఒక్కరి పేరు కూడా దాచకండి. వాళ్ళకు నోటీసు పోవాల్సిందే. దాచారని తేలితే మీ మాట మీద నమ్మకం పోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తాను. క్లెయిమ్ డబ్బు మాట బయటికి వచ్చాక పాప బాబాయి, 'మా వంశం పిల్ల మాకే కావాలి' అని లేచాడు. నేను మండిపోయి, అతని తాగుడు, అప్పులు, మా బిడ్డను ఎన్నిసార్లు ఏమన్నాడో అన్నీ నాలుగు పేజీలు రాసుకుని వకీలమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఓపికగా చదివి పక్కన పెట్టింది. "ఇందులో పాప ఎక్కడుందమ్మా?" అని అడిగింది. నిజంగానే నాలుగు పేజీల్లో పాప గురించి రెండు లైన్లు లేవు.

కోర్టు చూసేది పిల్ల మేలు. పిల్ల వయసు, గార్డియన్ నడవడి, చూసుకునే శక్తి, దగ్గరితనం, పోయిన తల్లిదండ్రుల కోరిక, ఆలోచించి చెప్పగలిగే వయసుంటే పిల్ల ఇష్టం. 1890 చట్టం 17వ సెక్షన్‌లో ఇవన్నీ ఉన్నాయి. కాబట్టి నాకు హక్కుంది, వాళ్ళకు లేదు అన్న తీరులో రాయకండి. మేము మళ్ళీ రాశాం. పాప రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది, మాస్క్ పెట్టి ఆవిరి పట్టించాల్సిన ఆయాసం ఉంది, మందులు ఏ డాక్టర్ దగ్గర, బడి ఇంటికి ఎంత దూరం, మేనమామ నెలకెంత పంపుతాడు. నా వయసు, మా ఆయన బీపీ కూడా దాచకుండా రాశాం.

వయసైపోయింది, ఆదాయం తక్కువ అని వెనక్కి తగ్గొద్దు. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వకీలమ్మ చెప్పింది. కరోనాలో అమ్మానాన్నలు పోయిన అహ్మదాబాద్ పిల్లవాడిని ఉద్యోగమున్న పిన్నికి కాకుండా 71 ఏళ్ళ తాత, 63 ఏళ్ళ నాయనమ్మలకు ఇచ్చారు. ఆదాయం, వయసు మాత్రమే కొలమానం కావని అన్నారు. అది నాయనమ్మ వైపు తీర్పు, నాకు ఎదురుపడే తీర్పే. అయినా అందులో న్యాయం ఉందని నాకు అనిపించింది.

మూడో వాయిదాకు వియ్యపురాలు ఒక్కతే వచ్చింది. కోర్టు బయట చెట్టు కింద కూర్చున్నాం. "వదినా, నా కొడుకు బిడ్డను నాకు చూపిస్తావా లేదా, అది చెప్పు చాలు" అంది. నాకు బిడ్డ పోతే ఆమెకు కొడుకు పోయాడు. ఇన్నాళ్ళు ఆ మాట నాకు తట్టలేదు. అక్కడే రాసుకున్నాం. బడి రోజుల్లో పాప నా దగ్గర, దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవుల్లో ఒక నెల ఆమె దగ్గర. ఫోన్ రోజూ చేయొచ్చు. ఆ కాగితాన్ని వకీళ్ళు కోర్టులో పెడితే, జడ్జిగారు ఆర్డర్‌లోనే చేర్చారు. నోటిమాటగా వదిలేయకుండా మీరూ ఇలా ఆర్డర్‌లోకి ఎక్కించండి.

జడ్జిగారు పాపతో చాంబర్‌లో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడారు. ఏం అడిగారో నేను పాపను ఇప్పటికీ అడగలేదు. పిల్లలకు ముందు రోజు రాత్రి మాటలు నేర్పించి తీసుకుపోకండి. అది వాళ్ళ మనసు మీద పెద్ద బరువు. తినిపించి, ఇష్టమైన గౌను వేసి తీసుకుపోండి, అంతే.

మొత్తం పదకొండు వాయిదాలు పట్టాయి. ప్రతిసారీ పొద్దున బస్సెక్కి కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండ పోవడం, కొన్నిసార్లు ఉత్త చేతులతో రావడం. పాప బడి మానొద్దు కాబట్టి పిలిచిన రోజు తప్ప తనను తీసుకుపోలేదు. టెన్షన్ ఉంటుంది, ఓర్చుకోవాలి.

ఆర్డర్ చేతికొచ్చాక

సర్టిఫైడ్ కాపీలు మూడైనా తీసుకోండి. ఒకటి బ్యాంకుకు, ఒకటి తహసీల్ ఆఫీసుకు తిరుగుతుంటే ఒకటి ఇంట్లో ఉండాలి. భూమిని వారసుల పేరుకు మార్చే విరాసత్ స్లాట్ మేము ప్రభుత్వ భూముల పోర్టల్ ధరణిలో బుక్ చేశాం, 2025 ఏప్రిల్ నుంచి అది భూభారతి అయింది. అల్లుడు రైతుబీమాకు నామినీగా వాళ్ళమ్మ పేరు పెట్టాడు. ఆ ఐదు లక్షలు ఆమెకే వచ్చాయి. నాకు ఆర్డర్ రాగానే అందులో సగం, ఎవరూ అడగకుండానే, పాప పేరున డిపాజిట్ వేయించింది.

పాప పుట్టిన ఏడాది నేను మురిపెంగా పోస్టాఫీసులో నా పేరుతోనే సుకన్య ఖాతా తెరిచాను. అమ్మమ్మ, తాతలు తెరిచిన ఖాతాలను తల్లిదండ్రులకు గానీ చట్టప్రకారం గార్డియన్‌కు గానీ మార్చాలని 2024లో ప్రభుత్వం చెప్పింది. నా చేతిలో ఆర్డర్ ఉంది కాబట్టి జిరాక్స్ ఇస్తే పని అయిపోయింది. మీరూ ఇలా తెరిచి ఉంటే, పిల్ల తల్లిదండ్రులు బతికి ఉంటే వాళ్ళ పేరుకు మార్పించండి.

గార్డియన్ అయినంత మాత్రాన ఆస్తి మనది కాదు. కోర్టు అనుమతి లేకుండా పిల్ల భూమిని అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు, ఐదేళ్ళకు మించి కౌలుకు ఇవ్వకూడదు. కోర్టు అడిగితే ఆస్తుల పట్టిక ఆరు నెలల్లోపు ఇవ్వాలి, లెక్కలు చూపాలి. నేను పాప వాటా భూమిని ఏడాదికోసారి కౌలుకు ఇస్తున్నాను. వచ్చింది, ఖర్చయింది అంగన్‌వాడీ రిజిస్టర్ లాగే రాస్తాను, ప్రతి పేజీ కింద వియ్యపురాలి సంతకం తీసుకుంటాను. ఇంకొకటి, కోర్టు పరిధి దాటి పిల్లను వేరే ఊళ్ళో ఉంచాలంటే అనుమతి కావాలి. చదువు కోసం హైదరాబాద్ పంపే ఆలోచన ఉంటే ఆ అనుమతి ముందే అడిగించండి.

తల్లి గానీ తండ్రి గానీ బతికే ఉంటే

ఇది వేరే దారి, నిజం చెప్పాలంటే కష్టమైన దారి. కల్వకుర్తి దగ్గర మా చిన్నమ్మ కూతురికి ఇలాగే జరిగింది. బిడ్డ జబ్బుతో పోయాక అల్లుడు రెండేళ్ళ మనవడిని తీసుకుపోయాడు. తల్లో తండ్రో బతికి ఉండి, పనికిరాని మనిషి అని కోర్టుకు అనిపించకపోతే పిల్ల మీద వేరే గార్డియన్‌ను నియమించడానికి 1890 చట్టం 19వ సెక్షన్ ఒప్పుకోదు. తల్లి పోయాక ఆమె తోబుట్టువులు పెంచుతున్న పిల్లను 2019లో సుప్రీంకోర్టు తండ్రికే ఇచ్చింది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడన్న ఒక్క మాటతో పనికిరాని తండ్రి అని తేల్చలేం. పిల్లను కొట్టడం, పస్తులుంచడం, వదిలేయడం లాంటివి రుజువులతో చూపాలి. పిల్లకు ప్రమాదం ఉందనిపిస్తే వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

అంత లేనప్పుడు పిల్లను మాకివ్వండి అని కాక, మమ్మల్ని చూడనివ్వండి అని అడగడమే మంచిదని నా అభిప్రాయం. తాతలకు చూసే హక్కు అని విడిగా చట్టం లేదు. కానీ పిల్లకు మేలని అనిపిస్తే కోర్టు నెలకు ఇన్ని రోజులు అని ఇవ్వగలదు. మా చెల్లెలు అదే అడిగింది. ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు మనవడు వస్తున్నాడు.

తండ్రి పిల్లను మీ మీద వదిలేసి పైసా పంపకపోతే, పిల్ల తరఫున మీరు భరణం కేసు వేయొచ్చు. పాత సీఆర్‌పీసీలోని 125 సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది.

ఇక మక్తల్, కోస్గి, నారాయణపేట వైపు నుంచి ముంబై, పూణె పనికి పోయి పిల్లలను ముసలివాళ్ళ దగ్గర వదిలే వాళ్ళకు కోర్టు అవసరం లేదు. తల్లిదండ్రులే గార్డియన్లు. పండగకు వచ్చినప్పుడు పిల్ల బ్యాంకు ఖాతా తల్లి సంతకంతో తెరిపించుకోండి. వాళ్ళ ఆధార్ జిరాక్స్, సంతకం చేసిన ఒక ఉత్తరం, అక్కడి ఫోన్ నంబర్ బడిలో, ఆసుపత్రి చీటీల కవర్‌లో పెట్టుకోండి.

ముస్లిం కుటుంబాల్లో వరస వేరు. సున్నీ హనఫీ పద్ధతిలో తల్లి లేని చిన్నపిల్ల పెంపకం మొదట అమ్మమ్మకు వస్తుంది. ఆస్తికి మాత్రం తండ్రి, ఆయన వీలునామాలో పెట్టిన మనిషి, ఆ తర్వాత తండ్రి తండ్రి. కోర్టుకు పోతే వాళ్ళకూ అదే 1890 చట్టం, అదే పిల్ల మేలు అన్న లెక్క.

దత్తత తీసుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. బాలల న్యాయ చట్టంలో తాతలు బంధువులుగా దత్తత తీసుకునే వీలుంది, ఆర్డర్ కలెక్టర్ ఇస్తారు. పాప సర్టిఫికెట్లలో నా బిడ్డ పేరు, అల్లుడి పేరు అలాగే ఉండాలని నాకు కోరిక. అందుకే ఆ దారి పోలేదు.

ఒక పని మేము చేయలేదు, మీరు మరవకండి. నాకు 63, మా ఆయనకు 70. కోర్టు నియమించిన గార్డియన్ తన తర్వాత ఎవరో వీలునామాలో రాసి అప్పగించలేరు. ఒకరికంటే ఎక్కువ మందిని గార్డియన్లుగా పెట్టడానికి చట్టంలో వీలుంది, కాబట్టి మొదటి పిటిషన్‌లోనే చిన్న వయసున్న మనిషి పేరు కూడా మీ పేరు పక్కన అడగాలి. మాకు ఆలస్యంగా తెలిసి, పాప మేనమామ పేరు చేర్చమని ఈ ఏడాది మళ్ళీ పిటిషన్ వేశాం. వియ్యపురాలు ఒప్పుకుంటూ సంతకం చేసింది. వచ్చే నెలలో వాయిదా ఉంది, ఇద్దరం కలిసే పోతున్నాం.